మేం వద్దన్న చిన్న కెమెరా

మా అమ్మాయికి పద్నాలుగో నెల నడుస్తుండగా మేం ఫిలిం కెమెరాని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. రెండు వేల ఏడు మొదట్లో అనుకుంటాను. పెందుర్తిలో మెయిన్ రోడ్డు మీద మా స్టూడియో. ముందు గదిలో నీలం తెర, పాస్‌పోర్టు ఫొటోలకి కూచునే స్టూలు, రెండు గొడుగు లైట్లు. వెనక రెండు గదుల్లో మా కాపురం. మా ఆయన పెళ్లిళ్లకి ఫొటోలు తీసేవారు. నేను బీయస్సీ అయ్యాక సీతమ్మధారలో ఒకచోట కంప్యూటర్ మీద ఫొటోలు దిద్దడం నేర్చుకున్నాను కాబట్టి ఆల్బమ్ పనంతా నాది. సీమంతాలూ, ఆడపిల్ల పెద్దమనిషైన వేడుకలూ కూడా నేనే తీసేదాన్ని. లోపలి గదుల్లో జరిగే తంతుకి మగవాళ్లు కెమెరా పట్టుకుని వస్తే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఆయన బయట పందిట్లో, నేను లోపల. అలా ఒక కెమెరానే ఇద్దరం చేతులు మార్చుకుంటూ వాడుకునేవాళ్లం.

మేం రోల్స్ కడిగించే ల్యాబు వాళ్లు వారానికి రెండు రోజులే మిషను నడుపుతామన్నారు. పెళ్లివాళ్లు బేరానికి ముందే ‘సీడీ ఇస్తారా’ అని అడగడం మొదలుపెట్టారు. ఇక డిజిటల్ కొనక తప్పదు. మా స్తోమతలో ఉన్నవి రెండే. ఒకటి మొదటి మెట్టుది, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. రెండోది దాని పై మెట్టుది, మిడ్ లెవెల్. షాపులో వాటిని చిన్నది, పెద్దది అనేవారు. ఇంట్లో మేమూ అదే అన్నాం. పొద్దున్న ఇడ్లీల దగ్గర మొదలైతే రాత్రి షట్టరు దించేదాకా చిన్నదా పెద్దదా అనే మాట.

నాకు చిన్నదే కావాలనిపించింది. తేలిక. పాపని ఒక చంకన వేసుకుని కూడా తీయొచ్చు. మా పాత కెమెరా మోసి మోసి కుడి మణికట్టు రాత్రిళ్లు గుంజేది. ఆయన లెక్క వేరు. మా పాత లెన్సులు చిన్నదానికి తగిలించవచ్చు గాని, వాటిని తిప్పే మోటారు అందులో లేదు. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. పైగా మాంగల్యం దగ్గర వరసగా నొక్కుతూ పోతే చిన్నది కొన్ని ఫొటోలకే ఆగిపోయి ఎర్రదీపం వెలిగించుకుని కూచుంటుంది. అది తేరుకునేలోపు తాళి కట్టడం అయిపోతుంది. ‘మళ్లీ కట్టమని అడగమంటావేటి?’ అనేవారు నాతో. ఆ మాట నిజమే. నా మణికట్టూ నిజమే. మేం ఎటూ తేల్చుకోలేక ఒక సోమవారం పాపని తీసుకుని డాబాగార్డెన్స్‌లో ఆయనకి తెలిసిన కెమెరా షాపుకి వెళ్లాం.

షాపతను ఆయన్ని బావా అంటాడు కాబట్టి నన్ను చెల్లమ్మా అంటాడు. రెండు కెమెరాలూ అద్దాల బల్ల మీద పెట్టాడు.

“ముందు పట్టుకుని సూడు బావా. సెప్పడం తరవాత.”

ఆయన చిన్నది పట్టుకుని మొహం చిట్లించారు. “సేతిలో ఉన్నట్టే లేదు. పెళ్లికొడుకు బావమరిది దగ్గిర కూడా ఇలాటిదే ఉంటాది. ఫొటోగ్రాఫరెవడో సుట్టమెవడో తెలీదింక.”

“అందుకే పెద్దది అంటన్నాను. ఇది మెళ్లో ఏసుకుని ఎల్తే పంతులుగారు మంత్రం ఆపి నీ ఏపు తిరిగి నించుంటారు. చెల్లమ్మ ఏటంటాది?”

“చిన్నది సాలంటాది. దానికన్నీ చిన్నయే కావాలి, మొగుడు తప్ప.”

“మొగుడూ చిన్నోడే కదా బావా. పొట్టొక్కటే మిడ్ లెవెల్.”

ఆయనతోపాటు నేనూ నవ్వాను. ఎవరు నవ్వితే వాళ్లని చూసి నవ్వడం పాపకి అప్పుడు అలవాటు. అదీ నవ్వింది. “ఆగాగు, అలాగే ఉంచు” అంటూ షాపతను చిన్న కెమెరా అందుకున్నాడు. దాని నెత్తిమీద బుల్లి ఫ్లాష్ టక్కుమని లేచింది. మూడు తీశాడు. తరవాత పెద్దదానికి విడి ఫ్లాష్ తగిలించి, వెలుగు పైకప్పుకి కొట్టి, ఇంకో మూడు తీశాడు. మేం పెళ్లిళ్లలో తీసేదీ అలాగే. వెలుగు తిన్నగా మొహం మీద కొడితే మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి.

ఆరు ఫొటోలూ సీడీలో ఎక్కించి ఇచ్చాడు. “ఇంటికెళ్లి పెద్ద తెర మీద సూసుకోండి. రేపు సెప్పండి.”

ఆ మధ్యాహ్నం పాపని ఊయల్లో వేసి నేను కంప్యూటర్ ముందు కూచున్నాను. నాకు తెలిసిన పద్ధతిలో పోల్చాను. నీడల్లో గరుకు ఎంత ఉంది, గౌను మీది ఎరుపు చెదిరిందా, వెంట్రుకలు విడివిడిగా తెలుస్తున్నాయా. మొదట్లో చిన్నది ఏం తీసిపోలేదు. ఆయనకి చూపించి ‘చూశారా’ అనాలనుకున్నాను కూడా. రెండో ఫొటోని వంద శాతానికి పెంచి మొహం దగ్గరకి జరిపాను. కుడి కంటి పాపలో ఎరుపు ఉంది. ఫ్లాష్ తిన్నగా కొడితే అందరికీ వచ్చే ఎరుపు. ఎడమ కంటిలో ఎరుపు లేదు. తెల్లగా, కొంచెం పసుపు కలిసిన తెలుపు, పాల మీగడ రంగు. మూడో ఫొటోలోనూ అంతే, ఇంకాస్త తక్కువగా. మొదటి దాంట్లో పాప తల తిప్పేసింది. పెద్ద కెమెరా తీసిన మూడింట్లోనూ రెండు కళ్లూ నల్లగా, తేటగా ఉన్నాయి.

ఆయన్ని పిలిచాను. నా భుజం మీంచి వంగి చూశారు.

“ఏటిది? ఈ ఫ్లాష్ కన్ను పాడుసేసింది.”

“షోకేసు అద్దం మెరుపు పడిందేమో.”

“అద్దమైతే పెద్దదాంట్లో ఎందుకు పడ్నేదు? ఆ బుల్లి ఫ్లాష్ బతుకంతే. పెళ్లికూతురికి ఇలగ ఒక కన్ను తెల్లగొస్తే మనల్ని పందిట్లో కట్టేస్తారు.”

నాకూ అదే సబబుగా అనిపించింది. అంతవరకూ చిన్నదాని తరఫున వాదించినదాన్ని, అక్కడ వదిలేశాను. మర్నాడు పెద్దది తెచ్చుకున్నాం. చిన్న కెమెరాని మేం వద్దనడానికి అసలు కారణం ఆ తెల్లటి కన్ను. మాకు కళ్లు లేక కాదు. కెమెరాతో బతికేవాళ్లం, ఫొటోలో ఏ తప్పు కనిపించినా అది కెమెరా తప్పే అనుకునేవాళ్లం. ఈ పనిలో లేని తల్లి ఎవరైనా ఆ ఫొటో చూసి ముందు ఫొటో వంక కాదు, పిల్ల వంక చూసేది.

పెద్ద కెమెరా వచ్చాక మా పనికి ఊపు వచ్చింది. ఆయన దాన్ని మెడలో వేసుకునే నడక కూడా మారింది. గాలిలో ఉప్పుకి లెన్సుల్లో బూజు పడుతుందని బియ్యం డబ్బా పక్కనే గాలి చొరని డబ్బా ఒకటి పెట్టి, రాత్రి కాగానే కెమెరాని అందులో పడుకోబెట్టేవారు. పాపకి దోమతెర కట్టడం మరిచిపోయిన రోజులున్నాయి గాని ఆ డబ్బా మూత వేయడం ఎప్పుడూ మరిచిపోలేదని నేను వేళాకోళం చేసేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఆయన విజయనగరం పెళ్లికి విడి ఫ్లాష్ రెండూ రిపేరు నుంచి తెచ్చుకుని వెళ్లి వచ్చిన మర్నాడు, ఆయన నిద్రపోతుంటే కెమెరా నా చేతికి చిక్కింది. పాప కొత్త పట్టుపరికిణీలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. విడి ఫ్లాష్ తగిలించే ఓపిక లేక, కెమెరాకే ఉన్న బుల్లి ఫ్లాష్ లేపి రెండు తీశాను. మా అమ్మకి ప్రింటు పంపుదామని తెర మీద తెరిచాను. మళ్లీ అదే. ఎడమ కన్ను తెల్లగా.

ఇందులో కూడా బుల్లి ఫ్లాష్ ఇంతేనన్నమాట అనుకున్నాను. అనవసరంగా ఎక్కువ పెట్టామేమో అని కూడా అనుకున్నాను. తరవాత అందరి ఫొటోలకీ చేసే పనే చేశాను. కళ్లలో ఎరుపు తీసే టూల్ ఒకటుంటుంది, కంటి మీద పెట్టి నొక్కితే ఎరుపు పోయి నలుపు వస్తుంది. కుడి కంటికి వచ్చింది. ఎడమ కంటి మీద ఎన్నిసార్లు నొక్కినా ఏమీ కాలేదు. తీయడానికి అక్కడ ఎరుపు లేదు. అప్పుడు బ్రష్షు చిన్నది తీసుకుని, నలుపు ఎంచుకుని, ఆ తెలుపుని చేత్తో నింపాను. లేకపోతే బొమ్మ కన్నులా ఉంటుందని పక్కన చిన్న మెరుపు చుక్క కూడా పెట్టాను. బాగా కుదిరింది. ఒక ప్రింటు మా ఆల్బమ్‌లో పెట్టాను, రెండోదానికి మా అమ్మ ఫ్రేము కట్టించుకుంది.

ఇది రాయడం ఇక్కడ ఆపేసి లేచి వెళ్లి ఆయనా పాపా పడుకున్న గదిలో కాసేపు నిలబడి వచ్చాను. మళ్లీ రాస్తున్నాను.

పాప వస్తువుల్ని ఒకవైపే తల తిప్పి చూడడం, గుమ్మానికి ఎడమ భుజం తగిలించుకోవడం అప్పుడప్పుడు కనిపించేవి. నడక కొత్త కదా అనుకున్నాను. నిజానికి నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. పాపకి తుమ్ము వస్తే థర్మామీటరు తీసేదాన్ని. పాలు కక్కితే గోపాలపట్నం డాక్టరు దగ్గరకి ఆటో ఎక్కేదాన్ని. అన్నిటికీ భయపడ్డాను. దీనికి తప్ప.

మాకు వారానికి రెండుసార్లు చేపలావిడ వచ్చేది. హార్బరు దగ్గర గంప నింపుకుని, ఆటోలో పెందుర్తి దాకా వచ్చి, అక్కడి నుంచి ఇల్లిల్లూ తిరిగేది. గంప దించగానే పాప పరిగెత్తేది. ఆవిడ ఒక రొయ్యని మీసం పట్టుకుని ఆడిస్తుంటే పాప చెయ్యి చాపేది. పాపకి ఇరవై రెండో నెల అనుకుంటాను, ఒక రోజు ఆవిడ రొయ్యని కుడివైపు నుంచి ఎడమవైపుకి తీసుకెళ్లింది. పాప చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆవిడ మళ్లీ కుడికి తెచ్చింది. చెయ్యి వచ్చింది. ఎడమకి. ఆగింది. ఇలా నాలుగుసార్లు. తరవాత చెయ్యి కొంగుకి తుడుచుకుని, పాప గడ్డం పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

“అమ్మా, గుంటకి ఇటేపు కన్ను కనపడతందా?”

“ఎందుకు కనపడదు? కొత్తవాళ్లని చూస్తే అలా పరధ్యానంగా ఉంటుంది.”

“నాను కొత్తదాన్నేటి తల్లీ, ఏడాది బట్టి వత్తన్నాను. ఇలగ రా. ఇలగొచ్చి సూడు. ఆ నల్లగుడ్డు లోపల తెల్లగా ఏటో ఉంది.”

“ఏమీ లేదు.”

“నేకపోడమేటి? పొద్దున్నేసి నాను సూసేవి కళ్లే గదమ్మా. సేపకి కన్ను సూసే గదా ఎత్తుకుంతాను. బేగి సూపించండి. రేపూ మాపూ అనకండి.”

నాకు ఒళ్లు మండిపోయింది. “చేపతో పోలుస్తావా నా పిల్లని?” అన్నాను. ఆ రోజు ఏమీ కొనలేదు. ఆవిడ గంప ఎత్తడానికి సాయం కూడా పట్టలేదు. తనే మోకాలి మీద పెట్టుకుని నెత్తికెత్తుకుంది. గేటు దగ్గర ఆగి, “తిట్టుకో తల్లీ, గాని సూపించు” అని వెళ్లింది.

లోపలికొచ్చి తలుపు వేశాను. పాపని ఒళ్లో కూచోబెట్టుకుని, చేతికి గిలక్కాయ ఇచ్చి, అరచేత్తో ఎడమ కన్ను మూశాను. పాప ఏమీ అనలేదు, గిలక్కాయ ఆడించుకుంటూనే ఉంది. అప్పుడు కుడి కన్ను మూశాను. గిలక్కాయ విసిరేసి, రెండు చేతులతో నా చెయ్యి పీకుతూ అరిచింది. చెయ్యి తీశాను. ఊరుకుంది. నమ్మలేక మళ్లీ మూశాను. మళ్లీ అరిచింది. మూడోసారి మూయలేదు.

ఊళ్లో కంటి డాక్టరు పాప కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి చూసి, మమ్మల్ని కూచోమనకుండానే హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరమ్మ పేరు చీటీ మీద రాసిచ్చాడు. “పెద్ద జబ్బేటండీ?” అని ఆయన అడిగితే, “ఆవిడ చెప్తారు, ఈ రోజే బయల్దేరండి” అన్నాడు.

హైదరాబాదు డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. కంటి లోపల, వెనక పొర మీద గడ్డ పెరిగిందనీ, అది కాన్సరనీ, పసిపిల్లలకి వచ్చే రకమనీ చెప్పింది. మేం బయల్దేరేముందు ఫోన్ చేసినప్పుడే పాత ఫొటోలున్నాయా, తెమ్మని అడిగింది. మిగతా తల్లిదండ్రులు మూడో నాలుగో తెస్తారట. మేం సంచి నిండా తెచ్చాం. పాప అప్పటికే చుక్కల మంటకి గుక్కపట్టి ఏడుస్తుంటే ఆయన భుజాన వేసుకుని వరండాలోకి తీసుకెళ్లారు. గదిలో నేనూ డాక్టరమ్మా మిగిలాం.

ఆల్బమ్‌లో ఒక్కో ఫొటో లైటు కింద పెట్టి చూసింది. పుట్టినప్పటివి, అన్నప్రాసనవి, మొదటి పుట్టినరోజువి. అన్నీ వెలుగు పైకప్పుకో పక్కకో కొట్టి తీసినవే, వాటిలో ఏమీ తెలియదంది. పట్టుపరికిణీ ఫొటో దగ్గర ఆగింది. వెనక తిప్పి తారీకు చూసింది.

“ఇది తిన్నగా ఫ్లాష్ పెట్టి తీసిందేనా?”

“అవునండి.”

“రెండు కళ్లూ బాగానే ఉన్నాయే. అయితే ఇది ఈ మధ్యే వచ్చిందా...” అని కాగితం మీద ఏదో రాసుకోబోయింది.

ఆవిడ రాసేలోపు చెప్పాలి. “అది నేను దిద్దిన ఫొటోనండి. ఎడమ కన్ను తెల్లగా వస్తే నేను నలుపు వేశాను.”

ఆవిడ పెన్ను ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “దిద్దనివి ఉన్నాయా?” అంది.

షాపు సీడీ ఇచ్చాను. తన కంప్యూటర్‌లో పెట్టి, రెండో ఫొటో తెరిచి, నేను ఆ మధ్యాహ్నం పెంచినట్టే పెంచింది. ఇంకో కంటిలో ఎరుపు చూపించి, “ఇలా ఎర్రగా రావడమే ఆరోగ్యం” అంది. ఇన్నాళ్లూ ఎంతమంది పిల్లల కళ్లలో ఆ ఎరుపుని తప్పుగా లెక్కగట్టి తుడిచేశామో అని ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ ఫొటో తారీకు చూసి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది.

“ఎనిమిది నెలలు. అప్పటికే ఉంది.”

“అప్పుడే మీ దగ్గరకి వచ్చి ఉంటే?”

“అమ్మా, ఇప్పుడు అదెందుకు?”

“చెప్పండి.”

“ఖాయంగా చెప్పలేను. కన్ను ఉంచడానికి ప్రయత్నించేవాళ్లం. అంత తొందరగా వచ్చినవాళ్లలో చాలామందికి ఉంచగలిగాం. ఇప్పుడు కన్ను తీసేస్తేనే ప్రాణం నిలుస్తుంది. ఆలస్యం చేయొద్దు.”

బయట వరండాలో ఆయన పాపని భుజాన వేసుకుని గోడకి ఉన్న నీళ్ల కుళాయిని చూపిస్తూ ఏదో పాట లాంటిది అంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

“ఏటన్నారు?”

“కన్ను తీసేయాలట. ప్రాణానికి భయం లేదట.”

రెండో ముక్క డాక్టరమ్మ అంత గట్టిగా అనలేదు. ఆయన పాపని ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకున్నారు.

“అప్పుడు షాపులో తీసిన ఫొటో సూపించావా?”

“చూపించాను.”

“మరి? అప్పుడొచ్చుంటే?”

“ఎప్పుడొచ్చినా ఇంతేనట.”

గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూచున్నారు. “అమ్మయ్య” అన్నారు. కన్ను పోతున్న పిల్లని ఒళ్లో పెట్టుకుని ఆ మాట అన్నారు. అక్కడున్న ఎవరికైనా ఆయన మనిషేనా అనిపించి ఉంటుంది. నాకు తెలుసు ఆయన దేనికి అన్నారో.

రెండు రోజుల తరవాత ఆపరేషన్ అయింది. నరం దాకా పాకలేదన్నారు. ఆరు వారాలకి కృత్రిమ కన్ను పెట్టారు. దాన్ని తీసి, కడిగి, మళ్లీ పెట్టడం నర్సు నాకు నేర్పింది. మొదటిసారి నా వేళ్లు తడబడితే పాప నా మొహం వంక ఒక్క కంటితో ఓపిగ్గా చూస్తూ కూచుంది. ఊరికి వచ్చాక చేపలావిడ గంప దించి, పాపని దగ్గరకి తీసుకుంది. నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చాను. “ఊరుకో తల్లీ, గుంట సూత్తంది” అంది.

ఇప్పుడు పాపకి నాలుగేళ్లు నిండబోతున్నాయి. ఆరు నెలలకోసారి రెండో కన్ను చూపించడానికి హైదరాబాదు వెళ్తాం. వెళ్లే ముందు పది రోజులు నేను అన్నం సరిగా తినలేను. మొన్న వెళ్లినప్పుడు ఆ కన్ను బాగుందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పాప కిటికీ దగ్గర కూచుని స్టేషన్ల పేర్లు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. కుడి కన్ను బోర్డుకి అందేలా మెడ పూర్తిగా తిప్పి చదువుతుంది. అన్నవరం దాటాక ఆయన, పాపకి వినపడకుండా నా వైపు వంగి, ఎన్నో నెలల తరవాత మళ్లీ అడిగారు.

“ఆ రోజు డాక్టరమ్మ నిజంగా అలగే అన్నారేటి?”

“అలాగే అన్నారు.”

తల ఊపి, టీ తెస్తానని లేచి వెళ్లారు.

ఆయనకి ఈ అబద్ధం చెప్పడం నాకిప్పుడు అలవాటైపోయింది. అవసరమైతే బతికినంతకాలం చెప్పగలను. కాని కిటికీ దగ్గర కూచున్న పిల్లకి చదవడం వస్తోంది, రేపో మాపో అడగడమూ వస్తుంది. ఆయనకి ఇచ్చిన జవాబు దానికి ఇవ్వలేను. పోయింది దాని కన్ను.